తుపాకియు, శాసనమును, మన చలనచిత్రములును

ఏ జాతి వీరగాథలను పరిశీలించినను, ఆ కాలమున ప్రజల మనస్సును బాధించిన తగవు ఏదో ఒక వస్తువు రూపమున అందు నిలిచియుండును. పల్నాటి కథలో అది కోడిపుంజు. బొబ్బిలి కథలో ఫిరంగి. ఇరువదవ శతాబ్దపు తెలుగు కథలో అది తుపాకి. 1974లో విడుదలైన 'అల్లూరి సీతారామరాజు', 1980లో విడుదలైన 'మా భూమి', 2022లో విడుదలైన 'ఆర్.ఆర్.ఆర్.' అను మూడు చిత్రములును, తుపాకి ఎవరి చేతిలో ఉండవలెను అనెడి ప్రశ్న చుట్టును తిరుగుచున్నవి. ఈ చిత్రముల నటనను, గీతములను, దృశ్యవైభవమును గూర్చి మనవారు కావలసినంత వ్రాసినారు. ఈ ప్రశ్నను గూర్చి వ్రాసినది మా కంటబడలేదు. కావున ఈ సంచికలో ఆ కొరతను మాకు చేతనైనంత వఱకు తీర్పదలచినాము.

మేము పండితులము కాము. మెట్రిక్యులేషను చదివి, ముప్పది యేండ్లకు మించి ఒక కార్యాలయమున రిజిస్టర్లు వ్రాసి విరమించినవారము. అయినను ఫాక్‌లాండ్ రోడ్డు వాసులకు చలనచిత్రములను గూర్చి మాటలాడుటకు ఒకరి అనుమతి అక్కరలేదని మా తలంపు. మన వీథికి ఇప్పుడు పఠ్ఠే బాపూరావు మార్గమని పేరు. ఇచ్చటి నాటకశాలల మూలమున 'ప్లే హౌస్' అను మాట జనుల నోట నలిగి 'పీలా హౌస్' అయినది. ఆల్ఫ్రెడ్, గుల్షన్, న్యూ రోషన్, రాయల్, నిషాత్ అను పేర్లు వినక మన గల్లీలలో పెరిగిన బిడ్డ ఉండడు. కామాఠీపురకు ఆ పేరు వచ్చినది తెలుగుదేశము నుండి కూలికి వచ్చి ఈ నగరపు కట్టడములకు రాళ్లు మోసిన కామాఠీల వలన. వారిలో పెక్కురు నిజాము రాజ్యపు పల్లెలవారు. అనగా ఈ చిత్రములలో కానవచ్చు కొండలును పల్లెలును మన పూర్వులు విడిచివచ్చినవి గాని, వాని ఇరుగుపొరుగువి గాని అయియున్నవి.

ముందుగా శాసనము సంగతి. 1857 నాటి తిరుగుబాటు అణగిన పిమ్మట ఆంగ్ల ప్రభుత్వము జనుల చేతి ఆయుధములను లాగుకొనసాగెను. లార్డు లిట్టన్ రాజప్రతినిధిగా నున్నప్పుడు 1878లో ఒకే సంవత్సరమున రెండు శాసనములు వెలువడినవి. ఒకటి దేశభాషా పత్రికలను అదుపులో నుంచు శాసనము. ఇంకొకటి ఆయుధముల శాసనము. మొదటిది దేశభాషలలో వ్రాయువారి నోరు కట్టి, ఆంగ్లమున వ్రాయువారిని ముట్టక విడిచినది. రెండవది లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకొనుట నేరమని విధించి, ఐరోపావారికి మినహాయింపు నొసగినది. పత్రికల శాసనము లార్డు రిప్పన్ కాలమున 1882లో రద్దయినది. ఆయుధముల శాసనము మాత్రము మనకు స్వాతంత్ర్యము వచ్చిన తరువాత గూడ కొన్ని యేండ్లు నిలిచియే యుండెను.

ఈ శాసనముపై మన పెద్దలు చేసిన ఫిర్యాదు ఏమి? 1887లో మద్రాసున కాంగ్రెసు మహాసభ కూడినది. బొంబాయి న్యాయవాది బద్రుద్దీన్ త్యాబ్జీగారు దానికి అధ్యక్షులు. ఆ సభలోనే ఆయుధముల శాసనమును సడలింపవలెనని తీర్మానమైనది. 1930 జనవరిలో గాంధీమహాత్ముడు ప్రభుత్వము ముందుంచిన పదునొకండు కోరికలలో, ఆత్మరక్షణకై తుపాకి లైసెన్సులను ప్రజల అదుపునకు లోబడి ఇయ్యవలెననునది ఒకటి. 1931లో కరాచీ కాంగ్రెసు ఆమోదించిన పౌరహక్కుల పట్టికలో ఆయుధములు ఉంచుకొను హక్కు, నియమములకు లోబడి, చేర్చబడినది. అహింసావ్రతము పూనినవారే ఇట్లు కోరుట వింతగా తోచును. కాని ఆ తీర్మానములలోని చిన్నమాటలను గమనింపుడు. 'ప్రజల అదుపునకు లోబడి' యని ఒకచోట, 'నియమములకు లోబడి' యని వేఱొకచోట కలదు. వారు కోరినది అదుపు లేని తుపాకి కాదు. తమను మనుష్యులుగా లెక్కించి, తమకు లెక్క చెప్పు శాసనము. తెల్లవానికి అడుగకయే దొరకునది నల్లవానికి అడిగినను దొరకదను అవమానమే వారి గుండెలో ముల్లై గ్రుచ్చుకొనినది. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఇంతయే. మన పూర్వుల గాయము తుపాకి లేమివలన కలిగినది కాదు, శాసనము తమది కాకపోవుట వలన కలిగినది. ఈ భేదమును ఏ చిత్రము గ్రహించినది, ఏది గ్రహింపలేదు అని చూతము.

అల్లూరి సీతారామరాజుగారి చరిత్రము మన పిల్లలకును కొంత తెలియును. గూడెము కొండలలో పోడు వ్యవసాయమును అటవీ శాసనము అడ్డగించినది. కొండదారుల నిర్మాణమునకు మన్యపు జనులచేత గూడెము తహసీల్దారు బాస్టియను చాలీచాలని కూలికి వెట్టి వంటి చాకిరి చేయించెను. రాజుగారు మొదట తుపాకి పట్టలేదు. సన్యాసివేషమున తిరుగుచు కల్లు మానుడనియు, తగవులు పంచాయతీలలోనే తీర్చుకొనుడనియు బోధించినారు. పిదపనే 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై దాడి జరిగెను. మూడు దినములలో చిక్కినవి 26 తుపాకులు. అందు చింతపల్లిలో 11, కృష్ణదేవిపేటలో 7, రాజవొమ్మంగిలో 8.

ఇన్ని యేండ్లు రిజిస్టర్లు వ్రాసినవారము గనుక, ఆ దాడులలో ఒక విషయము మమ్ము మిగిలిన వానికంటె ఎక్కువగా కదలించును. చింతపల్లి ఠాణాలో తాము తీసికొనిన వస్తువుల పట్టికను రాజుగారు అచ్చటి పుస్తకములోనే వ్రాసి, క్రింద సంతకము చేసినారు. దొంగ పట్టిక వ్రాయడు. దోపిడికాడు సంతకము చేయడు. ఏమి తీసికొనిపోవుచున్నామో, ఎవరు తీసికొనిపోవుచున్నారో లోకమునకు తెలియవలెనని కోరినవాడే అట్లు చేయును. ఆ 26 తుపాకులకును లైసెన్సు లేదు. కాని లెక్క యున్నది. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో మాటువేసినప్పుడు సైతము భారతీయులైన సిపాయిలను పోనిచ్చి, ఇద్దరు ఆంగ్ల అధికారులపై మాత్రమే కాల్పులు జరిపినారు. చేతిలోని ఆయుధమునకు ఎల్లను తామే గీచికొనిన మనుష్యులు వారు.

1974 నాటి చిత్రము ఈ విషయమును చాల వఱకు గ్రహించినది. కృష్ణగారు రాజుగా నటించిన ఆ చిత్రము తెలుగున తొలి సినిమాస్కోపు చిత్రము. శ్రీశ్రీగారు అందు వ్రాసిన గీతమునకు జాతీయ పురస్కారము లభించినది. అందలి రాజు ముఖ్యముగా ఒక తపస్వి. తుపాకి అతని చేతికి వచ్చును గాని అతని మనస్సున కెక్కదు. జనులు అతని వెంట నడచుట అతని వద్ద ఆయుధమున్నదని కాదు, అతని మాటయందు నమ్మకముండుటచేత. చిత్రమున కొంత నాటకీయత హెచ్చు, కొంత ఉపన్యాసము హెచ్చు. అయినను తూకము తప్పలేదు. 26 తుపాకులతో ఒక సామ్రాజ్యమును ఎవరును గెలువలేరు. మలబారు పోలీసులు వచ్చినారు, అస్సాము రైఫిల్సు దళము వచ్చినది. 1924 మే 7న కొయ్యూరు వద్ద రాజుగారు కాల్చబడినారు. సుమారు ఇరువది నెలలు ఆ ఉద్యమమును నిలిపినది కొండజనుల మౌనమే. రాజు ఎచ్చటనున్నాడని అడిగినప్పుడు వారు నోరు విప్పలేదు. ఆ మౌనము ఏ ఠాణాలోను దొరకునది కాదు.

ఇక 'ఆర్.ఆర్.ఆర్.' సంగతి. రాజమౌళిగారి ఈ చిత్రము 2022 మార్చి 25న విడుదలై ప్రపంచమంతట ఆడినది. 2023 మార్చిలో దీని గీతమునకు ఆస్కారు బహుమతి వచ్చినప్పుడు మన గల్లీలలో మిఠాయి పంచినవారు గలరు, మేమును తిన్నాము. రామరాజును, కొమురం భీమును ఒక్కచోట చేర్చుట చరిత్ర కాదు. వారు కలిసికొనినట్లు ఆధారము లేదు. చిత్రకర్తలు దీనిని కల్పనయనియే చెప్పినారు గనుక ఆ విషయమున మేము తగవులాడము. మా విమర్శ వేఱు.

చిత్రారంభమున ఒక దృశ్యము కలదు. బిడ్డను కోల్పోయిన గోండు తల్లిని కాల్చబోవు సిపాయిని గవర్నరు ఆపి, ఇంగ్లండు కర్మాగారమున తయారై సముద్రములు దాటి వచ్చిన తూటా వెల యెంతయో చెప్పి, దానిని ఇట్టివారిపై వ్యర్థము చేయవలదని మందలించును. సిపాయి తుపాకి దించి, కొయ్యతో ఆ తల్లిని కొట్టును. 1878 నాటి శాసనపు హృదయమును ఇంతకంటె సూటిగా చూపిన దృశ్యము మేము ఏ చిత్రమునను చూడలేదు. తూటాకు వెల కలదు, మనిషికి లేదు. గాయమును చూపుటలో ఈ చిత్రము మొదటి చిత్రమును మించినది.

గాయమునకు మందు చెప్పుటలో మాత్రము తడబడినది. ఇందలి రాజుకు జీవితలక్ష్యము ఒక్కటి. తన ఊరిలో ప్రతివాని చేతికిని ఒక తుపాకి అందింపవలెను. తండ్రికి ఆ మాట ఇచ్చి, దానికై పోలీసు కొలువున చేరి, తనవారినే కొట్టి, పై మెట్టు కెక్కును. అడవి ఎవరిది, కూలి ఎంత, తహసీల్దారును అడుగువాడెవడు అను ప్రశ్నలు చరిత్రలోని రాజును కొండకెక్కించినవి. చిత్రములోని రాజు వానిని అడుగడు. తుపాకులు వచ్చిన పిదప వానిని ఎవరు పంచుదురు, ఎవరు లెక్క వ్రాయుదురు, ఇద్దరు అన్నదమ్ములు పొలముగట్టుకై తగవులాడినప్పుడు అవి ఎచ్చట ఉండును అనునదియు అడుగడు. చింతపల్లి ఠాణాలోని ఆ సంతకము ఈ చిత్రమున లేదు. అది లేని రాజు మాకు సగము రాజుగా తోచినాడు.

అయినను న్యాయముగా మాటలాడవలెను. ఈ చిత్రమే తన తప్పును రెండుమార్లు తాను దిద్దుకొనినది. భీమును కొరడాలతో కొట్టించునప్పుడు అతడు మోకరిల్లక పాట పాడును; చూచుచున్న జనసమూహము పొంగి తిరుగబడును. ఆయుధములు తెచ్చినగాని జనులు లేవరని తాను భ్రమించితిననియు, భీముడు ఒక్క పాటతో ప్రతి మనిషిని ఆయుధముగా మార్చినాడనియు రాజు తన మామతో చెప్పుకొనును. ఆ పాట వ్రాసినవారు సుద్దాల అశోక్ తేజగారు. వారి తండ్రి హనుమంతుగారు తెలంగాణ రైతాంగ పోరాటమున పాట కట్టి ఊరూర తిరిగినవారు. తండ్రి పాట ఒకటి 'మా భూమి'లో కలదు. అందువలన ఈ చిత్రమును ఆ చిత్రము ప్రక్కన నుంచి చూచుట న్యాయము.

'మా భూమి' గౌతమ్ ఘోష్‌గారి దర్శకత్వమున, కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారముగా తీయబడినది. ఇందు తుపాకి మొదట దొరవారిది. నిజాము రాజ్యమున దేశముఖుల గడీలలో తుపాకులుండెను; రైతు చేతిలో గుతుపయు, వడిసెలయు మాత్రమే ఉండెను. 1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశముఖు మనుష్యుల కాల్పులకు దొడ్డి కొమురయ్య నేలకొరిగినప్పుడు ఊరేగింపున నడచుచున్నవారి చేతులలో కఱ్ఱలే గలవు. తుపాకి ఒక్క పక్షము చేతనే ఉన్నచోట శాంతి యనునది బలహీనుని మౌనమునకు పెట్టిన ముద్దుపేరు. ఆ పిమ్మట రైతులు తుపాకులు సంపాదించినారు, దున్నువారికి భూములు పంచినారు. నిజాము రాజ్యమున పుట్టిన పూర్వులు గల మన కుటుంబములకు ఇది పుస్తకములలో చదివిన సంగతి కాదు. అవ్వలు తాతలు చెప్పగా వినినది.

ఈ చిత్రపు గొప్పతనము తరువాతి భాగమున నున్నది. 1948 సెప్టెంబరులో భారతసైన్యము ప్రవేశించి నిజాము ప్రభుత్వము కూలును. పాఱిపోయిన దొరలు తెల్లటోపీలు పెట్టుకొని మరల ఊరు చేరుదురు. నిన్నటివఱకు ఎవరిపై తుపాకి ఎత్తవలెనో స్పష్టముగా నుండెను. నేడు అదే దొర శాసనము చాటున నిలిచియున్నాడు. ఇప్పుడు తుపాకి ఉంచుకొనుటయా, దించుటయా? 1951 అక్టోబరులో పోరాటము విరమింపబడెను. దించినందువలన వచ్చిన భూమి పోయినదని కొందఱు, దింపకున్నచో ప్రాణములే పోయెడివని కొందఱు నేటికిని వాదింతురు. 'మా భూమి' ఈ తగవును తీర్చదు, దాచదు. అందుచేత ఈ మూడింటిలో ఇదియే నిజాయితీ గల చిత్రమని మా అభిప్రాయము. 'ఆర్.ఆర్.ఆర్.' చూచి వచ్చిన యువకులు దీనిని గూడ ఒక్కమాఱు చూడవలెను.

ఇదే తగవు మన రాజ్యాంగసభలోను వచ్చినది. 1948 డిసెంబరులో పౌరస్వాతంత్ర్యముల అధికరణము చర్చకు వచ్చినప్పుడు, కరాచీ తీర్మానమును గుర్తుచేయుచు, ఆయుధములు ధరించు హక్కును గూడ చేర్పవలెనని హెచ్.వి. కామత్‌గారు సవరణ తెచ్చినారు. డాక్టరు అంబేడ్కరుగారు అంగీకరింపలేదు. పరాయిపాలనలో ఆ శాసనము దేశభక్తులకు ఎంత చేదైనదో వారు ఎఱుగుదురు. కాని స్వతంత్ర రాజ్యమున ఆయుధము ధరించుట హక్కుగా గాక, దేశరక్షణకై పిలిచినప్పుడు చేయవలసిన విధిగా చూడవలెననియు, అందఱికిని హక్కుగా ఇచ్చినచో దుర్మార్గులను ఆపుట ఎట్లనియు వారి వాదము. జీవితమంతయు అధికులచేత అణచబడిన జనుల పక్షమున నిలిచిన మనిషి ఆయన. బలహీనునికి తుపాకియే దిక్కు అనదలచినచో ఆయనకంటె ఎక్కువ కారణము గలవారెవరు? ఆయన తుపాకికి బదులు సమానత్వమును, ఓటును, న్యాయస్థానమునకు పోవు హక్కును వ్రాయించినారు.

1959లో నూతన ఆయుధముల శాసనము పార్లమెంటులో ఆమోదమై, 1962 అక్టోబరు నుండి అమలునకు వచ్చెను. జాతిభేదమును పాటింపని ఈ శాసనమున మన చాళ్ళవారు గమనింపదగిన అంశములు రెండు. దరఖాస్తుదారునికి తగినంత ఆస్తి లేదను ఒక్క కారణముచేత లైసెన్సు నిరాకరింపరాదు. నిరాకరించినచో అధికారి కారణమును వ్రాసి యుంచవలెను; అడిగినచో సాధారణముగా తెలుపవలెను; దానిపై పైఅధికారికి అప్పీలు చేసికొనవచ్చును. పది అడుగుల గదిలో ఎనమండుగురము కాపురము చేయు మనలో ఎంతమంది లైసెన్సు కోరుదురు? బహుశః ఒక్కరును కోరరు. అయినను 'నీకు ఆస్తి లేదు గనుక పొమ్ము' అనుటకు వీలులేదని శాసనమున వ్రాయబడియుండుట చిన్న సంగతి కాదు. 1878 నాటి అవమానమునకు సరియైన ప్రత్యుత్తరము ఆ ఒక్క వాక్యమని మేము తలంతుము. 2019లో సవరణ జరిగి, ఒక్కొక్కరు ఉంచుకొనదగిన తుపాకుల సంఖ్య మూడు నుండి రెండునకు తగ్గించబడినది. అమలులో అంతయు సవ్యముగా నున్నదని మేము అనము. పలుకుబడి గలవాని కాగితము త్వరగా కదలును, లేనివాని కాగితము బల్లపై నిద్రించును. ఇది తుపాకి లైసెన్సునకే కాదు, రేషను కార్డునకును చెల్లు మాట. దానికి మందు కాగితమును కదలించు పౌరుడే గాని, కాగితమును చించివేయుట కాదు.

ఎదిరిపక్షపు వాదమును గూడ వినుట మర్యాద. వారందురు: ప్రభుత్వము ఎల్లప్పుడును మంచిదై యుండదు, పోలీసులు ఎల్లప్పుడును సకాలమున రారు, సంఖ్యలో తక్కువవారికి చేతిలోని ఆయుధమే అండ. మనమును ఈ నగరమున సంఖ్యలో తక్కువవారమే. 1992 డిసెంబరులోను, 1993 జనవరిలోను ఈ నగరమున జరిగిన అల్లర్లలో సుమారు 900 మంది చనిపోయినారు. ఆ రాత్రులు మన చాళ్ళలో ఎవరును నిద్రపోలేదు. కావున భయమును మేము ఎగతాళి చేయము. కాని ఆ భయమే నెపముగా ఆయుధము తెచ్చుకొనినవారి సంగతి ఏమైనది? హిందీ నటుడు సంజయ్ దత్ కుటుంబరక్షణకై తుపాకి ఉంచుకొంటినని చెప్పినారు. ఆ ఆయుధము వచ్చినది 1993 మార్చి 12న 257 మందిని చంపిన బాంబుల కుట్రతో సంబంధము గలవారి చేతులనుండి. 2013లో సుప్రీం కోర్టు ఆయనకు ఐదేండ్ల శిక్షను ఖాయపఱచెను. రక్షణకని అడుగుదారిన వచ్చు తుపాకి ఎవరి చేతులు దాటి వచ్చునో అడుగక తీసికొనువాడు, తనకు తెలియకయే ఇంకొకని కుట్రకు గడప యగును. మన చాళ్ళను ఆ రాత్రులు కాచినది తుపాకి కాదు. గల్లీ మొగన కూర్చున్న మనుష్యులు, తలుపు తట్టిన పొరుగువానిని, అతని మతమడుగక, లోపలికి పిలిచిన ఇల్లాండ్రు.

ఈ వాదమునకు నిజమైన నివాసము అమెరికా. 1791లో చేరిన రెండవ సవరణ మూలమున అచ్చట ఆయుధము రాజ్యాంగపు హక్కు. 'ఆర్.ఆర్.ఆర్.' అచ్చట ఆడిన 2022లోనే మూడు సంగతులు జరిగినవి. మే 24న టెక్సాసులోని ఉవాల్డీ పాఠశాలలో ఒక యువకుడు 19 మంది పిల్లలను, ఇద్దరు ఉపాధ్యాయినులను కాల్చిచంపెను. జూన్ 23న అచ్చటి సుప్రీం కోర్టు, ఇంటి వెలుపల తుపాకి దాచి తిరుగుటకు ప్రత్యేక కారణము చూపవలెనను న్యూయార్కు శాసనమును కొట్టివేసెను. జూన్ 25న ప్రెసిడెంటు బైడెను తుపాకులపై కొంత అదుపు పెంచు శాసనముపై సంతకము చేసినారు. ఒక నెలలో మూడు దిక్కులకు లాగబడిన దేశమది. మన అన్నదమ్ముల బిడ్డలు, అక్కచెల్లెండ్ర బిడ్డలు అచ్చట ఉద్యోగములు చేయుచున్నారు గనుక ఇది మనకు పరదేశపు వార్త కాదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సాసు రాష్ట్రపు ఓలేత్ పట్టణమున, తమ దేశము విడిచిపొమ్మని కేకలు వేయుచు ఒకడు కాల్చిన కాల్పులలో ఒక తెలుగు ఇంజనీరు మరణించెను. అతని మిత్రుడు, మఱియొక తెలుగువాడు, గాయపడెను. ఆ ముష్కరుని పట్టుకొనబోయి తూటా తగిలించుకొనిన మూడవవాడు ఒక అమెరికనుడు. అతని చేతిలో ఏ ఆయుధమును లేదు. సంఖ్యలో తక్కువవారికి తుపాకి అండ అను వాదము ఆ ఒక్క రాత్రి ఎవరి పక్షమున నిలిచినదో పాఠకులే తీర్పు చెప్పుదురు గాక.

ఇక 'ఆర్.ఆర్.ఆర్.' తన్ను తాను దిద్దుకొనిన రెండవ సందర్భము మిగిలినది. అది చిత్రపు తుది ఘట్టము. తుపాకులు ఊరు చేరినవి; మాట చెల్లినది; శత్రువు మడిసెను. నీకేమి కావలెనో కోరుకొమ్మని రాజు అడుగగా, భీముడు తుపాకి కోరడు, చదువు కోరును. తనకును తన జాతికిని అక్షరములు నేర్పుమనును. మూడు గంటల పోరు పిదప వచ్చిన ఈ ఒక్క కోరిక ఆ చిత్రమునకు ప్రాణమని మా తీర్పు. చిత్రకర్తలు దీనిని ముగింపున ముచ్చటగా పెట్టినారు, మొదటినుండియు పెట్టవలసినది. చరిత్రలోని భీము 1940లో జోడేఘాట్ కొండలలో నిజాము పోలీసుల తూటాలకు బలియైన పిమ్మట, కారణములు విచారింప వచ్చిన హైమెండార్ఫ్ దొర భూమియు అడవియు పోవుటయే మూలమని తేల్చెను. పిదపనే గోండులకు పట్టాలును, మార్లవాయిలో బడియును వచ్చినవి. భీము ప్రాణమునకు ఫలముగా వచ్చినవి తుపాకులు కావు. పట్టాయను కాగితమును, పలకయును.

రాజుగారి అనుచరులలో గాము మల్లుదొర యను ఒకాయన యుండెను. ఆయన ఆ పోరాటమున పట్టుబడి, మొదట ఉరిశిక్ష పడి, అది మార్పుచెంది అండమానుకు పంపబడి, 1937లో విడుదలయ్యెను. 1952లో స్వతంత్ర భారతపు ప్రథమ లోక్‌సభకు విశాఖపట్టణమునుండి ఎన్నికైనాడు. ముప్పది యేండ్ల క్రిందట ఏ శాసనమును ధిక్కరించి తుపాకి పట్టెనో, అట్టి శాసనములను చేయు సభలోనే కూర్చుండెను. ఈ కథను ఇంతవఱకు ఎవరును చిత్రముగా తీయలేదనుట మాకు మిక్కిలి వింతగా నున్నది. తుపాకి ప్రేల్చు దృశ్యము తెరపై బాగుండును. చేయి ఎత్తి ఓటు వేయు దృశ్యము అంత బాగుండదని నిర్మాతలు తలంతురు కాబోలు. కాని రాజుగారి సంతకమునకు నిజమైన వారసత్వము ఆ చేయి.

మన పిల్లలు ఈ చిత్రములను చూడవలెను, ఈలలు వేయవలెను, మీసము మెలిపెట్టవలెను. మేము వలదనము. ఇంటికి వచ్చిన పిమ్మట తల్లిదండ్రులు వారిని ఒక్క ప్రశ్న అడుగవలెను. రాజు ఠాణాలో తుపాకులతోపాటు ఇంకేమి ముట్టుకొనెను? పుస్తకమును, కలమును అని బిడ్డ చెప్పగలిగిననాడు, పొట్టకూటికై ఊరు విడిచివచ్చి ఈ నగరమున రాళ్లు మోసిన మన పూర్వుల శ్రమ వృథా కాలేదని మనము సంతోషింపవచ్చును.